తెల్లపళ్ల రోగి

గుమ్మఘట్ట దగ్గరి ఆ ఊళ్లో ఆశా కార్యకర్త సువర్ణ తొంగిచూడనిది లేదు. కడుపులు చూసింది, కళ్లు చూసింది, మరుగుదొడ్లు కూడా చూసింది. ఇక నోళ్లు చూడమన్నారు. ఇంటింటికీ తిరిగి పళ్లు చూసి, ఫోన్‌లో ‘బాగున్నాయి’ అనో ‘తేడా ఉంది’ అనో నొక్కాలి. తేడాలు ఎక్కువున్న ఊరికి ముందుగా మంచినీళ్ల ప్లాంటు పెడతారట. రెండేళ్ల కూతురు త్రివేణికి బోరునీళ్లు తాపించే సువర్ణకు ఆ ప్లాంటు మీద పుట్టెడు ఆశ.

శిక్షణలో పుచ్చులూ, గుట్కా పుండ్లూ చూపించారు. మరకల సంగతి మొదలయ్యేసరికి భోజనాలు వచ్చేశాయి. ఆ మధ్యాహ్నం చికెన్ కూడా ఉంది.

ఊరంతా నోరు తెరిచింది. గంగక్క అయితే తెరిచిన నోరు మూయలేదు. “ఒక్క పుచ్చు ఉండాదేమో చూపియ్యి. చెరుకు గెడ యాడ పెట్టినా నములుతా,” అనింది. నిజమే. ఆ ఊరి పళ్లు గట్టివి, గోధుమరంగు చారలవి. సువర్ణవీ అవే. పళ్లంటే అట్లే ఉంటాయని, టీవీలో తెల్లపళ్లు పేస్టువాళ్లు పూసే రంగని ఊరి నమ్మకం. అబద్ధమాడటం చేతకాక, ఆశ చంపుకుని అందరికీ ‘బాగున్నాయి’ నొక్కింది.

చివరికి గంగక్క కొత్తకోడలు ఐశ్వర్య నోరు తెరిచింది. నంద్యాల వైపు పిల్ల. పళ్లు సున్నం కొట్టినట్టున్నాయి.

“ఏమక్కా, రక్తం లేదా ఈ పిల్లకు?”

“బెల్లం, రాగిసంగటి తినిపిస్తానే ఉండా. అయినా రంగు రాలే,” అని గంగక్క దిగులుపడింది. పాపం ఐశ్వర్య ఏదో చెప్పబోయింది గానీ, ఆ ఇంట్లో కోడలి మాట వినేదెవరు? ‘తేడా ఉంది’ నొక్కి, ఫొటో కూడా పంపింది సువర్ణ.

ఇంత ఆరోగ్యమైన ఊళ్లో ఒకే ఒక్క రోగి ఉందని దంతవైద్యుల వ్యాను పరుగెత్తుకొచ్చింది. డాక్టర్ హేమలత ఐశ్వర్య నోట్లో లైటు వేసి చూసింది. తరువాత చుట్టూ నవ్వుతున్న జనాన్ని చూసింది.

“ఈ అమ్మాయికేం లేదు. రోగం మీకందరికీ ఉంది. మీ బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్ల మీద ఆ చారలు దానివల్లే. చిన్నపిల్లలకు పెద్దపళ్లు చిగుళ్ల లోపల ఇప్పుడే తయారవుతుంటాయి. ఈ నీళ్లే తాగితే వాళ్లకూ ఇంతే.”

సువర్ణ చంకలో త్రివేణి పాలపళ్లతో నవ్వుతోంది. సువర్ణకు ఏడుపొచ్చింది. ప్లాంటును చేతులారా పక్క ఊరికి తోలేసింది తనే. మళ్లీ నొక్కుదామంటే గడువు దాటిపోయింది.

పైగా ఫోన్‌లో ఆమె నొక్కిన లెక్క చూసి మండలంలో సన్మానమట, ఆదర్శ గ్రామమని. సువర్ణ ఒంటరిగా పోలేదు. ఊరి ఆడవాళ్లను రెండు ఆటోల్లో కుక్కి తీసుకుపోయింది. ఆఫీసరు శాలువా కప్పి, ఫొటోకు నవ్వమన్నాడు. అందరూ పళ్లన్నీ కనబడేట్టు నవ్వారు. ఆఫీసరు నవ్వు ఆగిపోయింది.

“మా కోడలిని నడుమ నిలబెట్టండి సార్, తేడా తెలుస్తాది,” అని గంగక్క ఐశ్వర్యను ముందుకు తోసింది.

సువర్ణ శాలువా తీసి బల్ల మీద పెట్టింది. త్రివేణిని ఎత్తి చూపించింది.

“తప్పు నాదే సార్. దీనికింకా పెద్దపళ్లు రాలే. అవి వచ్చేలోపల నీళ్లు రావల్ల.”