గోటితో చూసిన మర

ఈ బరువు మోయబట్టి తొమ్మిదేళ్ళు. ఇంట్లో చెప్పుకుందామంటే ఇంట్లో నేనొక్కణ్ణే. అందుకే మీకు చెబుతున్నాను. నా మాటల్లో సగం కోతలని జార్జి టౌన్‌లో మా వీధంతటికీ తెలుసు. ఇది మాత్రం మిగతా సగంలోది.

మాది బోల్టులు, నట్లు అమ్మే కొట్టు. బోల్టుకీ నట్టుకీ ఉండే ఏ మర చుట్టునైనా కళ్ళు మూసుకుని గోటితో గీకి సైజు చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పుట్టించింది నేనే. ఓడ బోల్టు వాసన చూసి అది ఏ రేవు నుంచి వచ్చిందో కనిపెట్టానని కూడా చెప్పాను. అందరూ నవ్వేవాళ్ళు. మునిరత్నం ఒక్కడే నమ్మేవాడు.

మునిరత్నం ఫిట్టరు. మిషన్ మీద పని కదలకుండా పట్టి ఉంచే అల్యూమినియం ఫిక్చర్లు చేసేవాడు. అల్యూమినియం మెత్తన, మర తొందరగా అరిగిపోతుంది. అందుకని రంధ్రంలో లోపల మర ఉన్న చిన్న ఉక్కు గొట్టం దించుతారు. ఇన్సర్టు అంటారు దాన్ని. ఒకరోజు పాత ఫిక్చర్లోంచి ఒకటి ఊడదీసి తెచ్చాడు. మిగతావీ ఇవేనట, బోల్టులు కావాలట, ఇంచుదా మిల్లీదా చూడమన్నాడు. కొట్టు నిండా జనం. గోటితో గీకాను. ఎనిమిది మిల్లీ అన్నాను. బోల్టులు తీసుకుని వెళ్ళాడు.

ఇన్సర్టు బల్ల మీదే మరిచిపోయాడు. ఊరికే, మర పళ్ళు కొలిచే పిచ్ గేజి తీసి పెట్టి చూశాను. పళ్ళు కూర్చోలేదు. సందులోంచి వెలుతురు. అది అయిదు బై పదహారు ఇంచు. లావు రెండూ ఇంచుమించు ఒకటే, మరలే కలవవు.

ఫోను చేద్దామనుకునే లోపు వాడే చేశాడు.

"అన్నా, రెండు చుట్లకే పట్టేస్తా ఉండాది. నా చేతికి సరిగా తోచలా."

"కొత్త బోల్టురా. బిగువుగానే ఉంటాది. స్పానర్ వెయ్యి."

"అంతే అంటావా?"

"నా గోరు ఎప్పుడన్నా తప్పిందా?"

"అదీ సరే," అని నవ్వాడు.

ఎదురుగా నలుగురు నా కథ వింటూ కూర్చున్నారు. అంతే కారణం. ఇంకేదైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

వారానికల్లా మరలు చితికి, మిషన్ తిరుగుతుండగా ఫిక్చర్ కదిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పని మాత్రం మొత్తం పాడైంది. "అతిగా బిగించావు, నీ చెయ్యి మొద్దుబారింది" అన్నాడట ఓనరు. మునిరత్నం వచ్చి నా ముందు కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నేనేం చేశాను? ఓదార్చాను. పెరంబూరులో ఒక గొప్ప ఫిట్టరుండేవాడనీ, నలభై దాటగానే ఆయన చేతికీ అంచనా పోయిందనీ, మర్యాదగా పని మానుకున్నాడనీ అప్పటికప్పుడు అల్లేశాను. నా కథలన్నింట్లోకీ అదే బాగా పండింది. నెల తిరక్కుండా వాడూ పని మానేశాడు. ఇప్పుడు మాధవరంలో పాల బూత్‌లో పాకెట్లు అందిస్తున్నాడు.

కొట్టుకు మళ్ళీ రాలేదు. జనం ఇప్పటికీ వస్తారు, నవ్వుతారు, పోతారు. నమ్మేవాడే లేడు.

మొన్న వాడింటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. ఉప్మా పెట్టి, ఊరగాయ వేసి, సీసా మూత బిగించబోయి ఆగాడు. సీసా నా వైపు జరిపాడు.

"నువ్వే బిగించన్నా. నా చేతిని నేను నమ్మను."

బిగించాను. ఏదో కథ చెప్పి నవ్వించి బస్సెక్కాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టాలనే. అది ఇంచుది. వాడి చెయ్యి ఆ రోజే కనిపెట్టింది.