తోక ముందు పుట్టే పిల్లలు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ, "అమ్మమ్మా, ఇక్తియోసార్లలో తొలినాటివాటి పిల్లలు తల ముందుగానే పుట్టేవట, నువ్వేమో తోకే ముందని పాఠం చెప్పేదానివట" అని నవ్వింది. మా పుస్తకాల్లో అలాగే ఉండేదమ్మా అన్నాను గానీ, మనసు అప్పటికే పెడనలో మా అత్తగారింటి వసారాలో వాలింది.

అప్పుడు నేను బందరు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని, ఏడో నెల గర్భిణిని. ఇంట్లో కలంకారీ అద్దకం పని కనుక, మిగిలిన గుడ్డముక్క ఒకటి అడిగి తీసుకుని క్లాసు కోసం దాని మీద డైనోసార్ల కాలంనాటి ఆ సముద్రజీవి, ఇక్తియోసార్ బొమ్మ వేస్తున్నాను. డాల్ఫిన్ లాంటి పొడుగు మూతి, పళ్ళెమంత కళ్ళు, కంటి చుట్టూ ఎముకల వలయం, తెడ్లుగా మారిన కాళ్ళు, కడుపులో పిల్ల. కడుపుతో ఉన్నదానివి ఇలాంటివి చూడకూడదంటూ మా అత్తగారు గుడ్డ మడిచేశారు. అది చేప కాదండీ, బల్లులు, పాముల కోవలోది, మనలాగే గాలి పీల్చాలి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రాలేదు కనుక నీళ్ళలోనే కనేది, తల చివర్న వస్తే పిల్లకి ఊపిరాడకపోయే ప్రమాదం తక్కువ అని చెప్పాను. ఆవిడ గుడ్డ తనే విప్పి పరిచారు.

ఎనిమిదో నెల దాటాక డాక్టరమ్మ బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందన్నారు. పురిటికి గుడివాడలో పుట్టింట్లో ఉన్నాను, మా అమ్మ ఒకటే ఏడుపు. మా అత్తగారు బస్సెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఆ తల్లి నడిసముద్రంలో ఒంటరిగా కన్నదని నువ్వేగా చెప్పావు. నీకు డాక్టరమ్మ ఉంది, నేనున్నాను."

పిల్ల సగం బయటపడి ఉండగానే రాయిలో మిగిలిపోయిన తల్లులు కూడా దొరికాయని ఆవిడకి చెప్పలేదు. నొప్పులు పడుతున్నంతసేపూ నాకు కనిపించింది మాత్రం అదే.

కాళ్ళు వచ్చాయి, నడుము వచ్చింది, ఆ తర్వాత తల రావడానికి పట్టిన సమయం నేనింకా మరచిపోలేదు. ఆనక మా అమ్మాయి కేరుమంది. మా అత్తగారు గోడకి చేరబడి, కొంగుతో మొహం తుడుచుకుని, బాగానే వచ్చావే తల్లీ అన్నారు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మన వైపు నమ్మకం కదా, పొద్దస్తమానం బల్లల మీద వంగి అచ్చులు వేసే పెద్దవాళ్ళంతా సాయంత్రాలు మా వసారాలో బోర్లా పడుకునేవారు, మా అమ్మాయి గోడ పట్టుకుని ఒక్కొక్కరి వీపు మీదా నడిచేది. నేను మొదట్లో విసుక్కున్నా, తర్వాత నేనే చాపలు పరిచేదాన్ని. ఇప్పుడు నడుం నొప్పికి మాత్రలున్నాయి, ఎదురుకాళ్ళంటే ముందే ఆపరేషన్ చేసి తల్లీబిడ్డల్ని క్షేమంగా ఇంటికి పంపుతున్నారు, అది ఎంతో మేలు. అయినా ఏ బిడ్డ ఎటు తిరిగి ఈ లోకంలోకి వచ్చిందో ఊరంతా గుర్తుపెట్టుకునే రోజులు మాత్రం మా అత్తగారితోనే వెళ్ళిపోయాయి.