నూకరత్నం నడిపిన సమావేశం

శ్రీకాకుళంలో సంఘాల కార్యదర్శులకు పెట్టిన మూడు రోజుల శిక్షణలో, మొదటిరోజు భోజనాల దగ్గర నూకరత్నం మెడలోని పేరు కార్డు సాంబారులో మునిగింది. ఆవిడ దాన్ని కడిగి, ఎండుచేపను తిరగేసినట్టు రెండువైపులా ఎండబెట్టి, మళ్లీ వేసుకుంది. కళింగపట్నంలో ఎండుచేపలమ్మే ఆడవాళ్ల సంఘానికి ఆవిడ కొత్త కార్యదర్శి. ఆఖరిరోజు తానే ఒక సమావేశం నడిపి చూపించాలి. లేకపోతే సర్టిఫికెట్టు రాదు, ఊళ్లో తలెత్తుకోలేదు. ఆ భయంతో రెండు రోజులూ పమిటచెంగు మెలిపెడుతూనే కూర్చుంది. తీరా తన వంతు వచ్చేసరికి ముప్పైమందీ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నూకరత్నం నడుం మీద చెయ్యేసి, రేవులో అలవాటైన గొంతెత్తింది. “నెలకోపాలి కలవాలంటన్నారు, కాదన్నోలున్నారా? ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!” గది సద్దుమణిగింది, తీర్మానం అయిపోయింది, ఆవిడకు మూడు రోజుల్లో మొదటిసారి నిండుగా ఊపిరాడింది. సర్టిఫికెట్టు మీద సంతకం పెడుతూనే శిక్షణ ఇచ్చినాయన, “ఇది సమావేశమమ్మా, చేపల వేలంపాట కాదు” అని గొణిగాడు.

“అందుకే గదా బాబూ, ఎవుల్నీ రేటడగనేదు.”