పెద్దసారు ఈల, ఎనిమిది తలలు

మొన్న మంగళవారం పొద్దున అబిడ్స్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు మాతో కొలత గొలుసు లాగిన మనిషి సైకిలు దిగి నా ముందుకొచ్చాడు. "సార్, మన పెద్దసారు పోయిండు. చాయ్ తాగిండు, కుర్చీల కూసున్నడు, గంతే" అన్నాడు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరం రోడ్డు మీదే నిలబడి ఏడ్చాం. సిగ్గేమిటి దానికి!

పెద్దసారు మా సర్వే పార్టీకి పెద్ద. నాంపల్లి మనిషి. నేనేమో రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రం అయ్యాక కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవాణ్ణి, కోపం ముక్కుమీదే. "నీ తెలుగు ఉరుకుతది తమ్మీ, జర నడిపియ్యి" అనేవారు. రిటైరయ్యాక ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కనిపించేవారు. అట్లాసులో వాగు గీత తప్పుంటే, కొనకుండానే పెన్సిలుతో దిద్దేవారు. అమ్మేవాడు మొత్తుకున్నా వినేవారు కాదు.

అడవిలో ఆయనదొక పద్ధతి. ఒక ఇత్తడి ఈల ఉండేది, రోజుకొకరి మెడలో. ఈల ఎవరి మెడలో ఉంటే ఆ రోజు సర్దారు వాళ్లే. రెండు పూటలా తలలు లెక్కపెట్టాలి, తిండి పంచాలి, ఎవరేం చేయాలో చెప్పాలి. పెద్దసారు కూడా ఆ మాట వినాల్సిందే. వంటమనిషి సర్దారైన రోజున ఆయన కళ్లు తుడుచుకుంటూ ఉల్లిగడ్డలు తరిగారు.

ఒక వానాకాలం ప్రాణహిత వైపు అడవిలో రెండు వాగులు ఒక్కసారే పొంగి, మా ఎనిమిదిమందినీ ఒక గుట్ట మీద నిలిపేశాయి. కబురు పంపే దారి లేదు. బియ్యం తగ్గిపోతున్నాయి. ఇద్దరికి జ్వరం. నాంపల్లిలో కిరాయి ఇంట్లో నా భార్యకు నెలలు నిండాయి. తొమ్మిదో రోజు పొద్దున తాడు భుజాన వేసుకుని బయల్దేరాను.

"ఏంది తమ్మీ, యాడికి?"

"ఈదేస్తానండి. కృష్ణలో ఈత నేర్చినవాణ్ణి. చస్తే చస్తాను గానీ ఇక్కడ కూర్చోలేను."

వాగులో ఒక మద్దిచెట్టు వేళ్లతో సహా కొట్టుకుపోతోంది. ఆయన దాన్నీ నన్నూ చూశారు. అరవలేదు, బతిమాలలేదు. ఈల తెప్పించి నా మెడలో వేశారు. "ఈ దినం నువ్వే సర్దార్. పొద్దుమీకి లెక్క జెప్పు. రేపు పోతానంటే ఎవ్వడు ఆపడు."

ఒక్కరోజే కదా అని ఉండిపోయాను. జ్వరం వాళ్లకు గంజి కాచాను. కారుతున్న గుడారం చుట్టూ కాలువ తవ్వించాను. ఉన్న బియ్యాన్ని ఎన్ని పూటలకు సాగదీయాలో తేల్చాను. సాయంత్రం ఈల ఊది తలలు లెక్కపెడితే ఏడే వచ్చాయి. మళ్లీ పెట్టాను. ఏడే!

"ఒకరు లేరండీ! వాగు దగ్గరికి ఎవరెళ్లారు?" అని గావుకేక పెట్టి పరుగెత్తబోయాను. అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దసారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"నిన్ను నువ్వు మరిచినవ్‌రా! ఇగ నువ్వు యాడికీ పోవు. నా ఫికర్ పాయె."

జ్వరం వాళ్లు కూడా లేచి కూర్చుని నవ్వారు. నేను మర్నాడు తాడు ముట్టుకోలేదు.

ఇంకో ఆరు రోజులకు వాగు తీసింది. ఎనిమిదిమందిమీ మా కాళ్ల మీద నడిచే బయటికొచ్చాం. నాంపల్లి స్టేషన్లో బురద బట్టలతో రైలు దిగితే, ఆయన ప్లాట్‌ఫారం మీదే మమ్మల్ని వరస కట్టించి ఈల నా చేతికిచ్చారు. ఈసారి నన్ను కలుపుకునే లెక్కపెట్టాను. "ఎనిమిది!" అని మేం పెట్టిన కేకకు కూలీలు మూటలు దించి మరీ చూశారు. అబ్బ, ఏం రోజది! ఇంటికెళ్తే నాలుగు రోజుల కూతురు, తల్లి పక్కన హాయిగా నిద్రపోతోంది. మర్నాడు మొజంజాహీ మార్కెట్లో అందరికీ ఐస్‌క్రీం తినిపిస్తూ పెద్దసారు ఒక మాటన్నారు. "అడివి మనిషిని సంపదు తమ్మీ. ఒక్కన్నే అయిన అనుకుంటే గది సంపుతది."

ఆ మాట మీదే నేను ఇన్నాళ్లూ నా ఉద్యోగం, నా ఇల్లు నడిపాను.

మంగళవారం సాయంత్రానికి పార్టీ అంతా పెద్దసారు ఇంటి ముందు చేరాం. సారు భార్య, మా అందరికీ అమ్మగారు, లోపలి నుంచి ఈల తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకే ఇయ్యమన్నడు మీ సారు. లెక్కవెట్టు బిడ్డా."

పెట్టాను. ఏడు. పాత భయం పట్టుకుంది. నా నెత్తి మీద చెయ్యి వేసుకుని, ఒకటి అంటూ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఏడే. ఈసారి నన్ను నేను మరిచిపోలేదు.

ఈల తీసి, ఆనాడు ప్లాట్‌ఫారం మీద ఊదినంత గట్టిగా ఊదాను. గల్లీ చివర రిక్షాలు ఆగాయి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఏడుగురం ఒక్క గొంతుతో అరిచాం.

"ఎనిమిది!"