పద్దెనిమిదో అంతస్తులో అక్క

మా ఆసుపత్రిలో ఆమెను అందరూ చీకటక్క అనేవాళ్లు. వెనక అనుకునే పేరే అయినా ఆమె చెవిన పడకపోలేదు. నవ్వి ఊరుకునేది.

నేను ఎక్స్‌రే తీసేదాన్ని, ఆమె ఫిల్ము కడిగేది. మా రెండు గదుల మధ్య గోడలో చిన్న తలుపున్న అర ఒకటుండేది. నేను తీసిన ఫిల్మును పెట్టెతో సహా అందులో పెట్టి గోడ మీద తట్టేదాన్ని. అవతల ఎర్రబల్బు మసక వెలుతురులో ఆమె దాన్ని తీసుకుని మందునీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టి పంపేది. ఆ గదికి కిటికీ లేదు. వెలుగు సోకితే ఫిల్ము పాడైపోతుంది కనుక ఉండకూడదు కూడా. పగలు బయట ఎండ కాసిందో వాన పడిందో ఆమె నన్నడిగి తెలుసుకోవాల్సిందే.

"బయటెలా ఉందే?" అని గోడ అవతలి నుంచి కేకేసేది.

"మబ్బు పట్టిందక్కా."

"నాకెప్పుడూ పట్టే ఉంటుందిలే!"

ఉద్యోగమంతా ఆ గదిలోనే గడిచిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చీకట్లో ఉన్నదాన్ని ఎవడు చూస్తాడమ్మా" అని మాట తప్పించేది. అసలు కారణం మా అందరికీ తెలుసు. ఆమెకో చెల్లెలుంది. ఆ చెల్లెలికి పెళ్లయిన మూడో ఏడే భర్త పోయాడు. అతను పెద్ద పెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేసేవాడు. తాళ్లకు కట్టిన పలక మీద నిలబడి వేలాడుతూ వేసే పని. ఒకరోజు తాడు తెగింది. భోజనం డబ్బా పట్టుకుని వెళ్లిన చెల్లెలికి ముందు గుమిగూడిన జనం కనిపించారు, తర్వాత అతను కనిపించాడు. ఆ సాయంత్రమే అక్క ఆమెను తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచీ ఇద్దరూ ఒకరికొకరు.

వాళ్లది ఇరుకు వీధిలో కింది వాటా. రెండు గదులు, వెనక కాస్త పెరడు. వీధి గదిలో చెల్లెలి కుట్టుమిషను. బడి దుస్తులు, కర్టెన్లు, చిరుగులు, గుండీలు, ఏది ఇచ్చినా కుట్టేది. తలుపు తీసే ఉండేది కనుక దారిన పోయేవాళ్లు ఓ మాట అనకుండా పోయేవాళ్లు కాదు. కానీ ఆమె మేడ మాత్రం ఎక్కేది కాదు. పై వాటా వాళ్లు కొలతలకు పిలిచినా, "మీరే దిగి రండమ్మా" అనేది. ఎందుకో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆసుపత్రికి కొత్త యంత్రాలొచ్చాయి. ఫిల్ము కడిగే పనే లేకుండా బొమ్మ నేరుగా తెర మీద పడేది. చీకటిగదిని సామాన్ల గది చేశారు. కొన్నాళ్లకే అక్క పదవీ విరమణ చేసింది. ఆ మర్నాడు నాకు ఫోను చేసి, "ఓ చోటికి రావే, నీతో పనుంది" అంది.

వెళితే అది నది దగ్గర కొత్తగా కట్టిన పొడవాటి భవనం. పద్దెనిమిదో అంతస్తులో ఒక ఫ్లాటు అమ్మకానికుంది. చూపించడానికి వచ్చిన కుర్రాడు మెడలో గుర్తింపు కార్డు ఊపుకుంటూ లిఫ్టులోనే మొదలుపెట్టాడు.

"ఇంత ఎత్తుకి దుమ్ము రాదు మేడమ్, శబ్దం రాదు, ఒక్క దోమ కూడా రాదు."

"దోమలు రావు సరే నాయనా, మనుషులొస్తారా?" అందక్క.

హాలు దాటి బాల్కనీ తలుపు తోయగానే గాలి మా ఇద్దరినీ ఒక అడుగు వెనక్కి నెట్టింది. ఎదురుగా నది మలుపు తిరుగుతోంది. దాని అవతల పొలాలు, వాటి అవతల నీలంగా కొండల వరస. కింద మా ఊరు మొత్తం ఎవరో గుప్పెడు అగ్గిపెట్టెలు విసిరేసినట్టుంది. అక్క కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. పక్క నుంచి తొంగి చూశాను. కళ్లనిండా నీళ్లు.

"ఎంత ఆకాశమే!" అంది మెల్లగా. "ఇదంతా రోజూ ఇక్కడే ఉండేదా?"

నేను ఊరుకోలేదు. నా స్వభావమే అంత. పడమటి ఎండ సాయంత్రాలు మాడ్చేస్తుందన్నాను. లిఫ్టు ఆగితే మోకాళ్ల సంగతేమిటన్నాను. ఎదురుగా ఇంకో భవనం లేస్తే ఈ నదీ ఉండదు, కొండలూ ఉండవన్నాను. పక్క ఫ్లాటులో ఎవరున్నారో కూడా తెలియని చోట జ్వరమొస్తే మంచినీళ్లిచ్చే దిక్కుండదన్నాను. చేతిలో ఉన్నదంతా దీనిలో పోసి తర్వాత కూర్చుని తింటే ఎలా అన్నాను.

ఆమె అన్నీ విన్నది. "నువ్వన్నవన్నీ నిజమేనే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను కూర్చుని చూస్తాను. చూస్తే కరగవుగా."

తర్వాత ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. చెల్లెలు మిషను తొక్కుతోంది. అక్క చిన్నపిల్లలా ఊపిరి తిప్పుకోకుండా నది గురించి, కొండల గురించి చెప్పుకుపోయింది. చెల్లెలు చక్రాన్ని చేత్తో ఆపింది.

"ఎన్నో అంతస్తన్నావు?"

"పద్దెనిమిది. నీకు వెలుతురున్న గది ఇస్తాను. మిషను కిటికీ పక్కనే వేసుకోవచ్చు."

"నాకు కింద ఇల్లే బాగుంటుందక్కా. నలుగురూ వస్తూ పోతూ ఉంటారు."

"అక్కడికీ వస్తారు. లిఫ్టుంది."

"గుండీ ఊడిందని పద్దెనిమిది అంతస్తులెక్కి ఎవరొస్తారక్కా?" అని నవ్వింది చెల్లెలు. ఆ నవ్వులో పట్టు లేదు.

అక్కకు చిరాకొచ్చింది. "ఎన్నేళ్లయింది! ఇంకా ఆ భయాన్నే పట్టుకుని వేలాడతావా?"

నోరు జారాక గానీ తను ఏ మాట అన్నదో ఆమెకూ తెలియలేదు. చెల్లెలు తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. చివరికి సూదీ దారమూ అక్క ముందుకు చాపి, "ఇది కాస్త ఎక్కించి పెట్టు" అంది. అక్క ఎక్కించి ఇచ్చింది. ఆమె మళ్లీ మిషను తొక్కసాగింది. నేను టీ తాగకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత అక్క ఫ్లాటు మాటే ఎత్తలేదు. నేనూ అది అక్కడితో సరనుకున్నాను. అలాంటిది ఒక మధ్యాహ్నం చెల్లెలు మా ఆసుపత్రికి వచ్చింది. ఎక్స్‌రే గది బయట రోగుల బల్ల మీద కూర్చుని నా కోసం చూస్తోంది.

"నువ్వు చెబితే వింటుంది. ఆ ఇల్లు కొనుక్కోమని చెప్పు" అంది.

"మరి మీరు?"

"నేను ఉన్నచోటే ఉంటాను. ఒక్కదాన్నేమిటి, వీధి వీధంతా నాతోనే ఉందిగా! ఊరేమైనా దాటిపోతోందా? వస్తుంది, పోతుంది." మళ్లీ తనే అంది, "పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురింటి మేడకీ పక్కింటి మేడకీ మధ్య ఆ కాస్త ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటోంది. మెడ పట్టేసింది కూడా. నన్ను సాకడానికి ఆ చీకట్లో అన్నేళ్లుంది. ఇప్పుడూ నా భయం కోసమే మానుకుందంటే నేను బతికి ఏం లాభం?"

నేను చెప్పాను. అక్క వద్దంది, మళ్లీ వద్దంది, ఒకరోజు సరే అంది.

సామాన్లు చేర్చిన రోజు చెల్లెలు వచ్చింది. లిఫ్టులో కళ్లు గట్టిగా మూసుకుని అక్క మోచెయ్యి వదలకుండా నిలబడింది. పైకి రాగానే నేరుగా వంటింట్లోకి దూరి, కిటికీకి వీపు పెట్టి, గిన్నెలన్నీ కడిగి అరల్లో సర్దింది. డబ్బాల మీద గుడ్డలు కప్పింది. హాల్లోకి అడుగు పెట్టలేదు. వెళ్లేటప్పుడు, "చాలా బాగుందక్కా" అంది. ఏం చూసి బాగుందన్నదో మేమిద్దరం అడగలేదు.

మొదటి నెలల్లో అక్క నిజంగా సుఖపడింది. అది దాచడం నాకిష్టం లేదు. నేనెప్పుడు ఫోను చేసినా ఇవాళ నది రంగు ఇలా ఉంది, ఆ కొండ మీద వాన పడుతోంది మన మీద ఇంకా పడలేదు, అని చెప్పేది. నన్ను 'బయటెలా ఉందే' అని అడిగే మనిషి నాకే వాతావరణం చెబుతుంటే ముచ్చటేసేది. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైన దృశ్యం ఇంకోటుంది. బాల్కనీ ఎడమ మూలన నిలబడితే పాత వీధి కనిపించేది. ఇన్ని కప్పుల మధ్య తమ పెరడేదో పోల్చుకోలేకపోతున్నానంటే చెల్లెలు పొద్దున్నే దండెం మీద ఎర్ర దుప్పటి ఒకటి ఆరేయడం మొదలుపెట్టింది. పొద్దుపోయే ముందు తీసేది. అగ్గిపుల్ల మొనంత ఎరుపు. అది కనబడితే చాలు, అక్కకు కాఫీ రుచిగా ఉండేది.

ముందు వారానికి రెండుసార్లు వెళ్లేది. పిల్లలు బళ్లకెళ్లే వేళ లిఫ్టు ఓ పట్టాన వచ్చేది కాదు. రోడ్డు దాటడం కష్టం, తిరిగొచ్చేసరికి కాళ్లు లాగేవి. వారానికి ఒకసారయింది. తర్వాత ఎప్పుడైనా వెళ్లేది. "చెల్లెలెలా ఉందక్కా?" అని నేనడిగితే, "బాగుంది, కనబడుతూనే ఉందిగా" అనేది.

ఆ రోజు పొద్దున కూడా ఎర్ర దుప్పటి కనబడింది. అక్క కాఫీ తాగుతూ చూసింది. పేపరు చదువుతూ మధ్యలో తలెత్తి చూసింది. భోజనం చేసి కడుక్కున్న చెయ్యి తుడుచుకుంటూ చూసింది. చూసిన ప్రతిసారీ హాయిగా ఉందని తర్వాత నాతో చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

మధ్యాహ్నం దాటాక నది మీద నుంచి వాన వచ్చింది. ముందు కొండలు పోయాయి, తర్వాత నది పోయింది. తెరలు తెరలుగా కురుస్తున్న వాన మధ్య ఎడమ మూలన ఆ ఎరుపు అలాగే ఉంది. చినుకు పడకముందే దండెం ఖాళీ చేసే మనిషి చెల్లెలు. ఒకరి గుడ్డ తడిస్తే ఏం సమాధానం చెప్పాలని హడలిపోయే మనిషి. అక్క ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అప్పుడే కరెంటు పోయింది. ఒక్క లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందన్నారు గానీ అది ఎక్కడ ఉందో, ఎప్పుడొస్తుందో తెలియలేదు. ఆమె మెట్ల మీదుగా దిగింది. ఆ మోకాళ్లతో, గోడ పట్టుకుని, అన్ని అంతస్తులూ దిగింది.

చెల్లెలింటి వీధి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పక్కింటి ఇస్త్రీ అతను వెనక గోడ దూకి చూశాడు. చెల్లెలు దండెం కింద పడి ఉంది. చేతిలో ఇంకా ఆరేయని గుడ్డ ఒకటుంది. తలలో నరం చిట్లిందని, పొద్దున్నే జరిగిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. వాన మొదలవడానికి చాలా ముందే.

ఇస్త్రీ అతను వాకిట్లో కూలబడి ఏడ్చాడు. "పొద్దుట్నుంచీ తలుపు మూసే ఉందమ్మా. ఎప్పుడూ లేంది ఇవాళ మూసిందేమిటా అనుకున్నాం. ఎట్టకేలకు మనసు మార్చుకుని మీ దగ్గరికొచ్చిందనుకున్నాం. బాగుంది, అక్కాచెల్లెళ్లు కలుసుకున్నారని మా ఆవిడతో అన్నాను కూడా."

అక్క ఏడవలేదు. తడిసిన దుప్పటిని దండెం మీద నుంచి తీసి, నీళ్లు పిండి, మడత పెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. నేను వెళ్లేసరికి అదే చేస్తోంది. "దుప్పటి కనబడిందే" అంది నన్ను చూసి. "అంత దూరం నుంచి దుప్పటి కనబడింది. దాని పక్కనే మనిషి పడి ఉంటే కనబడలేదు."

అన్నీ అయ్యాక అందరూ ఫ్లాటు అమ్మేయమన్నారు. కొనడానికి మంచి బేరం కూడా వచ్చింది. పాత వాటాకే తిరిగొచ్చేయమని వీధివాళ్లు బతిమాలారు. ఆమె దేనికీ ఒప్పుకోలేదు.

"ఇల్లేం చేసిందే? నేనే కదా కోరుకున్నాను. చెల్లెలే పట్టుబట్టి కొనిపించింది. అమ్మేస్తే దాని మాట తీసేసినట్టవుతుంది. అక్కడికి పోతే ఆ పెరట్లో నేనెలా ఉండగలను?" అంది. "నువ్వా రోజు ఏకరువు పెట్టిన తంటాలన్నీ నాకు గుర్తున్నాయి. నేనూ ఒక్కొక్కటీ తూచుకునే కొన్నాను. కనబడుతూ ఉంటే చాలుననుకోవడం ఒక్కటే తూచలేదు."

మొన్న ఆదివారం వెళ్లొచ్చాను. ఇల్లు అద్దంలా ఉంది. బాల్కనీ తలుపు తీసే ఉంది, నది ఎప్పటిలాగే మెరుస్తోంది. ఆమె కుర్చీ మాత్రం ఎడమ మూలకు వీపు పెట్టి కొండలవైపు తిరిగి ఉంది. ఇద్దరం టీ తాగాం. ఆసుపత్రి కబుర్లు అడిగింది, మా పిల్లల చదువులు అడిగింది. పొద్దుపోతోందని నేను లేస్తే తనూ చెప్పులు వేసుకుంది. వద్దన్నా వినలేదు. నాతో పాటు లిఫ్టులో కిందికొచ్చింది. గేటు దాకా వచ్చింది. కాపలా అతన్ని పేరుపెట్టి పలకరించి, వాళ్లావిడ దగ్గు తగ్గిందా అని అడిగింది. నా బస్సు వచ్చింది. "ఇంకోటొస్తుందిలే, తర్వాతిది ఎక్కుదువుగాని" అంది నా చెయ్యి పట్టుకుని.

ఆ బస్సు వెళ్లిపోయింది. మేమిద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం.