ఘాటు రాని మిరపకాయలు

నేను కోరుట్లల బీడీలు చేసుకుంట బతికేదాన్ని. చాటముంగట కూసున్న జాగనే నా లోకం. అసొంటిదాన్ని, పోయినేడాది నా బిడ్డను తీస్కొని లేహ్ పోయిన. మా అల్లుడు అక్కడ మిలిటరీల డ్రైవరు. పెండ్లయి ఏడాదైనా ఇద్దరు కలిసి నెల సుత ఉండలె.

విమానం దిగిన. ఎటు చూసినా కొండలే, చెట్టు లేదు, చేమ లేదు. ఆకాశం నీలిమందు పోసినట్టున్నది. సంచి తెరిస్తె, నేను పట్టుకపోయిన సకినాల పాకెట్ బుగ్గలెక్క ఉబ్బింది. ఎవలు గాలి ఊదిండ్రో అని నవ్విన. అప్పుడన్న నాకు సోయి రావాలె, రాలె.

"రెండు రోజులు కదలకుండ పండుకోండ్రి అత్తమ్మా" అని చెప్పి అల్లుడు డ్యూటీకి పోయిండు. నా బిడ్డ ఇంటదా? ఆ పొద్దే కొత్త చీరె కట్టి, గుట్టమీది గుడి చూస్తనని మెట్లెక్కింది. తెల్లారేసరికి తలకాయ పట్టుకున్నది. వాంతులు. పెదవులు నేరేడు పండ్లోలె నల్లవడ్డయి. ఊపిరి తీస్తే రొమ్ముల గురగుర.

నాకు తెలిసిందొకటే, దిష్టి. మా దిక్కు ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల వేస్తం. ఘాటు లేసి దగ్గొస్తె దిష్టి లేనట్టు, రాకుంటె తగిలినట్టు. కుంపట్ల వేసిన. ఘాటు రాలె. ఇంకో పిడికెడు వేసిన. బొగ్గులే సరిగ రాజుకుంటలెవ్వు, ఇగ మిరపకాయలేం కాలుతయి? నేనేమో, అబ్బ, ఎంత పాపిష్టి కన్ను పడ్డదో అనుకున్న. మూడుసార్లు తీసిన. గంతల పొద్దెక్కింది.

అల్లుడచ్చి చూసి, దాన్ని ఎత్తుకొని దవాఖానకు ఉరికిండు. డాక్టరు, ఇంత ఎత్తుల గాలి పలుచన, దానికే ఇట్లయింది, ఆక్సిజన్ పెడ్తం గని అసలు మందు కిందికి దించుడే, రోడ్డున పోతె ఇంకింత ఎత్తు గుట్టలు దాటాలె అన్నడు.

"మరి విమానం ఎక్కిద్దాం" అన్న.

అల్లుడు తల దించుకున్నడు. "పొద్దటి విమానాలు పోయినయి అత్తమ్మా. ఎండ ముదిరితె ఇక్కడి గాలి ఇంకింత పలుచనైతది. విమానం రెక్కలకు సుత గాలి ఆనాలె గద. బరువుతోని పైకి లేవది."

గంత ఇనుము, గంత చప్పుడు, దానికి సుత ఊపిరందదా? పొద్దుగాలనే తీస్కపోతె ఎక్కేది. నా మిరపకాయలే నా బిడ్డ పానం మీదికి తెచ్చినయి.

దవాఖాన కిటికీల నుంచి చూస్తె, జడలబర్రె ఒకటి మూటలు మోసుకుంట గుట్టెక్కుతున్నది. రొప్పు లేదు, ఆగుడు లేదు. దానికిచ్చిన ఊపిరిల చిటికెడు నా బిడ్డకియ్యి రాజన్నా, వేములవాడల కోడెను కడ్త అని మొక్కిన.

మర్నాడు ఆక్సిజన్ తోనే మొదటి విమానం ఎక్కించిండ్రు. గాలి సల్లగుండంగనే అది లేచింది. ఢిల్లీల దిగిన గంటకు పెదవులు ఎర్రవడ్డయి. "అమ్మా, ఆకలైతుంది" అన్నది. ఇంతకాలం గాలంటె ఉత్తదే అనుకున్న నేను. అక్కడి దవాఖానల రెండు రోజులుంచి పంపిండ్రు.

కోరుట్లల ఇంటి ముంగట మా అక్క దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల పడుడే ఆలస్యం, ఘాటు లేసింది. వాడకట్టంత దగ్గుడే. నా బిడ్డ సుత దగ్గింది, రొమ్ముల నిండ గాలి పీల్చుకొని, కండ్లల్ల నీళ్లు కారంగ దగ్గింది. దిష్టి ఏం లేదని అందరు లోపటికి పోయిండ్రు. నేను ఆ దగ్గు వినుకుంట గడప మీద కూసొని ఏడ్చిన.