అక్కను దర్జీని చేసిన ఇల్లు

టీవీ వాళ్లను, అదీ కెమెరా ముందే, నిలబెట్టి కడిగేసిన మొనగాడు కరీంనగర్‌లో ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. "మా అక్క అరుగు ఏమైంది?" అని నేను గర్జిస్తే యాంకరమ్మ చేతిలో మైకు గజగజ వణికింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది.

ఆ ముచ్చటకు వస్తాను. ముందు అరుగు గురించి చెప్పాలి.

మా అక్క కరీంనగర్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉంటుంది. బావ పోయాక ఒంటి మనిషి. నాది మంచిర్యాల. పింఛను తప్ప వేరే పని లేనివాణ్ణి కాబట్టి వీలున్నప్పుడల్లా బస్సెక్కి వచ్చి, ఆమె వండింది తిని, దానికి వంకలు పెట్టి వెళ్తుంటాను. అక్క బీడీలు చేస్తుంది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఇంటి ముందు బండలు పరిచిన అరుగు ఉండేది. పొద్దున వంటలు కాగానే చుట్టుపక్కల ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని అక్కడ చేరేవాళ్లు. తడిగుడ్డలో చుట్టి ఉంచిన తునికాకు తీసి కత్తెరతో కోయడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతుల పని చేతులది, నోళ్ల పని నోళ్లది. ఎవరి కోడలు అలిగింది, కార్ఖానాలో ఎవరి బీడీలు బాగాలేవని పక్కన పడేశారు, అన్నీ అక్కడే తేలేవి. నేను కనబడితే ఆ పూటకు నేనే దొరికేవాణ్ణి.

"ఏందే, మీ తమ్మునికి మంచిర్యాల్ల కూర దొరుకతలేదా?" అనేది ఒకామె.

"కూర దొరుకుతది గని తిట్లు దొరుకయ్ గదా. గందుకే వస్తడు," అనేది అక్క, చేతిలో ఆకు మీంచి చూపు తిప్పకుండానే.

అలాంటి ఇంటికి టీవీ వాళ్లను రప్పించింది కూడా నేనే. పేదోళ్ల ఇళ్లను పైసా తీసుకోకుండా కొత్తగా మార్చి చూపించే కార్యక్రమం ఒకటి వస్తుంటే, తెర కింద పరుగెత్తే నంబరుకు ఫోన్ చేశాను. అక్క ఇల్లు వానాకాలంలో వంటింటి మూల ఒక్కచోట కారేది. నేను ఇల్లంతా కారుతుందని చెప్పాను. అక్క గొడుగు పట్టుకుని పడుకుంటుందని కూడా చెప్పాను. గొడుగు మాటకు అవతల ఫోనులో ఉన్న అమ్మాయి ముక్కు చీదింది.

వాళ్లు వచ్చారు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లను చూడగానే కార్యక్రమం నడిపే పెద్దమనిషి మొహం మాడ్చుకున్నాడు.

"బీడీలా? టీవీలో పొగాకు చూపించకూడదమ్మా. చూపిస్తే కింద హెచ్చరిక వెయ్యాలి. మాది ఫ్యామిలీ ప్రోగ్రాం. మీకు కుట్టు వచ్చా?"

"రాదు," అంది అక్క.

"పర్లేదు. కుడుతున్నట్టు కూర్చోండి చాలు."

ఎక్కడి నుంచో ఒక కుట్టుమిషను తెచ్చారు. అక్క దాని ముందు కూర్చుని ఒక గుడ్డను ముందుకూ వెనక్కూ జరిపింది. రెక్కల కష్టంతో బట్టలు కుట్టి బతుకుతున్న తల్లి అని యాంకరమ్మ గొంతు బరువు చేసుకుని చెప్పింది. చుట్టూ నిలబడ్డ బీడీల ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అబద్ధం అక్కడితో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. అబద్ధాలు నాకేమన్నా కొత్తా? కానీ ఆ తర్వాత వాళ్లు ఆ దర్జీ ఆవిడకే ఇల్లు కట్టారు. నా కడుపు మండేది అందుకు. ఉన్న మనిషిని పక్కన పెట్టి, తాము రాసుకున్న మనిషికి ఇల్లు కట్టి, తాళాలు మాత్రం ఉన్న మనిషి చేతిలో పెట్టారు.

పని జరిగినన్నాళ్లు అక్క మా ఇంట్లోనే ఉంది. తిరిగి వచ్చిన రోజు గల్లీ మొదట్లోనే కళ్లకు గంతలు కట్టి నడిపించుకొచ్చారు. గంతలు విప్పారు. అరుగు లేదు. దాని చోట మెరిసే మెట్లు, స్టీలు కడ్డీలు, అద్దాల తలుపు. లోపల సోఫా, పైకప్పు కింద ఇంకో తెల్లని కప్పు, అందులో పొదిగిన దీపాలు, కిటికీ దగ్గర ముచ్చటగా కుట్టుమిషను.

"అమ్మా, ఎలా ఉంది మీ ఇల్లు?"

అక్క చుట్టూ చూసింది. "నా చాట ఏడ పెట్టిండ్రు?" అంది.

"కట్! అమ్మా, ఇంకొక్కసారి బయటికెళ్లి రండి. ఈసారి చాట అడగకండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి, అంతే."

అక్క బయటికెళ్లి మళ్లీ వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీవీలో వచ్చింది అదే.

ఇప్పుడు ఆ హాలులో బీడీలు చేసి చూడండి. ఫ్యాను వేస్తే తడి ఆరి ఆకు పెళుసై చిట్లుతుంది, తంబాకు లేచి కళ్లలో పడుతుంది. ఆపితే ఆ కిందికి దిగిన కప్పు కింద ఊపిరాడదు. అరుగు మీదైతే ఘాటు గాలికి పోయేది, ఇక్కడ అద్దాల మధ్య తిరిగి తిరిగి దగ్గై వస్తుంది. తోటి ఆడవాళ్లు ఆ నున్నటి నేల మీదికి రారు, మరకలవుతాయని మొహమాటం. అక్కే చాట పట్టుకుని ఎదురింటి అరుగు మీదికి వెళ్లి ఓ చివరన ఒదిగి కూర్చుంటోంది. నలుగురినీ కూర్చోబెట్టిన మనిషి! ఎదురింటి వాళ్లకు చుట్టాలొస్తే ఆ రోజు లేచి ఇంటికొస్తుంది.

"ఏం మంచి లేదా అక్కా ఇంట్ల?" అని అడిగాను.

"ఎందుకు లేదు? కుర్సీ తీరు లెట్రిన్ పెట్టిండ్రు. నా మోకాళ్లకు పానం లేచొచ్చింది."

సరే, అది ఒప్పుకుంటున్నాను. కారే మూల కూడా ఆగింది. ఆ రెండూ చేసి వెళ్లిపోతే వాళ్ల కాళ్లు మొక్కేవాణ్ణి. కానీ లెట్రిన్‌కు చప్పట్లు రావు కదా. ఎలివేషన్ బాగుండాలంటే అరుగు పోవాల్సిందేనట. అది ఎవరి అరుగో, దాని మీద ఎవరి పొద్దు గడుస్తుందో, ఒక్క మాట అడగాలా వద్దా?

అదే ఆ రోజు నిలదీశాను. అంటే, యాంకరమ్మను కాదు. ఆమె అప్పటికే కారెక్కింది. కెమెరా పెట్టెలోకి వెళ్లింది. నేను గర్జించింది వైర్లు చుట్టుకుంటున్న మనిషి మీద. అతను తల కూడా ఎత్తలేదు. "తాతా, జర జరుగు, వైరు తొక్కినవ్," అన్నాడు. నేను జరిగాను. గల్లీ చప్పట్లు కొట్టింది టీవీ వాళ్లు కొట్టమన్నప్పుడు, నాకోసం కాదు.

ఇదంతా రాసి, మొన్న వెళ్లినప్పుడు అక్కకు చదివి వినిపించాను. ఎదురింటికి చుట్టాలొచ్చిన రోజు, వెనక దొడ్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఆకు కోస్తోంది. చివర్లో కోపం పట్టలేక, "రేపే మేస్త్రీని పిలుస్త. గా అద్దాలు పీకించి అరుగు కట్టిస్త," అన్నాను.

అక్క కత్తెర కింద పెట్టింది.

"అడగలేదని రాసినవా? మొదటి దినమే అడిగిండ్రు. 'అమ్మా, గీ అరుగు ఉంచాల్నా, తియ్యాల్నా' అని నన్నే అడిగిండ్రు. నేను నోరు తెరువకముందుకే నువ్వు ముందట పడ్డవ్. 'మా అక్కకేం ఎరుక, అంత మీ ఇష్టం సారూ' అన్నవ్. గది రాయి. ఇగ మేస్త్రీని పిలిచే ముందన్న నన్నడుగు."